కామిక్స్ చదివితేనే నిలుస్తాయి

కామిక్స్ పోగుచేసేవాళ్ళలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. చదివితే పుస్తకం పాడవుతుంది, పాడవకూడదంటే చదవకూడదు అని. అందుకే కొందరు ఒకే సంచిక రెండేసి కొంటారు, ఒకటి చదవడానికి, ఇంకొకటి ముట్టుకోకుండా దాచడానికి. మరికొందరు ఒకటే కొని, అదీ చదవకుండా దాస్తారు. చాలా ఏళ్ళుగా కొన్ని వేల కామిక్స్‌తో ఒకే ఇంట్లో బతుకుతున్న నాకు తెలిసింది దీనికి పూర్తిగా వేరు. పెద్ద సేకరణలు పాడయ్యేది ఎక్కువగా ఎవరూ చదవకపోవడం వల్లే. వారానికోసారి ఎవరో ఒకరు చెయ్యి పెట్టే పెట్టెలో తేమ ఎక్కువకాలం దాక్కోలేదు, పురుగు కాపురం పెట్టలేదు, పిన్నుకు పట్టిన తుప్పు కంటపడకుండా పోదు. ఏడాదికేడాది మూతవేసి ఉన్న పెట్టెలోనే ఇవన్నీ తీరిగ్గా జరుగుతాయి.

అసలు ఈ 'ముట్టుకోవద్దు' నమ్మకం డబ్బు దగ్గర మొదలైంది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938లో 10 సెంట్లు. 2014లో దాని ప్రతి ఒకటి ఆన్‌లైన్ వేలంలో 32 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఈ సంగతి విన్న ఎవరికైనా 'అప్పట్లో ఒక కట్ట కొని దాచి ఉంటే' అనిపిస్తుంది. కానీ ఆ సంచిక అంత ధర పలికింది ఎవరూ దాచలేదు కనుకే. పిల్లలు దాన్ని మధ్యకు మడిచి జేబులో కుక్కుకున్నారు, ఒకరికొకరు మార్చుకున్నారు, అట్ట ఊడేదాకా చదివారు, ఆపైన పారేశారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో పాత కాగితం సేకరించే ఉద్యమంలో ఎన్ని కామిక్స్ గుజ్జుగా మారిపోయాయో లెక్కలేదు. యుద్ధం తర్వాత కొన్ని ఊళ్ళలో పెద్దవాళ్ళు పిల్లల చేత కామిక్స్ కుప్పపోయించి తగలబెట్టించారు. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయా అని విచారణ కూడా జరిపింది. ఇన్నింటినీ దాటుకుని మిగిలినవి కొన్నే.

దీని నుంచి జనం నేర్చుకున్నది మాత్రం 'దాచుకుంటే లక్షలు వస్తాయి' అని. 1970లో ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం వచ్చింది. ఏ సంచిక ఏ స్థితిలో ఉంటే ఎంత అని అందులో చూసుకోవచ్చు. సేకరించేవాళ్ళకు అది నిజంగా పనికొచ్చే పుస్తకమే, కాదనను. కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు సంగతి ముదిరింది. 1991లో మార్వెల్ సంస్థ ఎక్స్-మెన్ కొత్త వరుస (సిరీస్) మొదటి సంచికను ఐదు రకాల అట్టలతో వేశారు. 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఒకే కథకు ఐదు అట్టలు, ఐదూ కొన్నవాళ్ళున్నారు. మరుసటి ఏడు సూపర్‌మ్యాన్ చనిపోయే సంచికను నల్ల ప్లాస్టిక్ కవరులో మూసి అమ్మారు. కవరు చించితే విలువ పోతుందని జనం దాన్ని అలాగే అటకెక్కించారు. అందరూ దాచిన వస్తువు అపురూపం ఎలా అవుతుంది? మార్కెట్ కూలింది, దుకాణాలు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థే దివాలా రక్షణ కోరింది.

పోయిన డబ్బు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. నన్ను బాధపెట్టేది ఆ నల్ల కవర్లు. ఒక కథకుడు రాశాడు, ఒకరు పెన్సిల్‌తో గీశారు, ఇంకొకరు ఇంకు వేశారు, ఒకరు మాటలు అక్షరాలుగా తీర్చిదిద్దారు, ఒకరు రంగులు నింపారు. ఇంతమంది చెయ్యి పడిన పని కొన్నవాడి కంట కూడా పడలేదు. ఇప్పటికీ పాత సేకరణలు అమ్మకానికి వచ్చినప్పుడు ఆ సంచికలు కట్టలుకట్టలుగా, చించని కవర్లతోనే వస్తుంటాయి. నా దగ్గరికి వచ్చినవాటిని వచ్చినరోజే చించి చదివాను. ఎందుకంటే చదవని కామిక్ నా దృష్టిలో ఇంకా నా సేకరణలో చేరనట్టే.

నా మాటకు ఎదురుచెప్పేవాళ్ళు తప్పకుండా ఎడ్గర్ చర్చ్ పేరు ఎత్తుతారు. ఎత్తాలి కూడా. ఆయన అమెరికాలో కొలరాడోలో ఉండిన వాణిజ్య చిత్రకారుడు. 1930ల చివరి నుంచి 1950ల దాకా కొన్న కామిక్స్ ఇంట్లో దొంతర్లుగా పేర్చి పెట్టాడు. 1977లో చక్ రోజాన్‌స్కీ అనే యువ వ్యాపారి వాటిని కొన్నాడు. సుమారు 18 వేల నుంచి 22 వేల పుస్తకాలు. నలభై ఏళ్ళనాటి న్యూస్‌ప్రింట్ తెల్లగా ఉంది, అట్టల మీద మెరుపు పోలేదు. 'చూశారా, ముట్టుకోకపోతే ఎలా ఉంటాయో' అంటారు.

నేను చూసేది ఇంకొకటి. ఆయన ఏ ప్రత్యేకమైన కవర్లూ వాడలేదు, అప్పటికి అలాంటివి లేవు కూడా. కొలరాడో ఎత్తైన, పొడి ప్రాంతం. ఆ గది చల్లగా, చీకటిగా ఉండేది. పుస్తకాలు బరువుగా, ఒకదానిమీద ఒకటి బిగుసుకుని ఉండటంతో లోపలి పేజీలకు గాలి పెద్దగా తగల్లేదు. వాటిని కాపాడింది వాతావరణం. అదే దొంతరను సముద్రం పక్కన ఒక ఇంట్లో అన్నేళ్ళు వదిలేసి ఉంటే 1977లో రోజాన్‌స్కీకి దొరికేది బూజు. మనలో చాలామందికి కొలరాడో గాలి లేదు. లేనప్పుడు దాని బదులు మన కన్నూ చెయ్యీ పనిచెయ్యాలి, అంటే పెట్టెలు తెరవాలి.

కాగితం ఎందుకు చెడుతుందో తెలిస్తే ఈ మాట ఇంకాస్త బలంగా అర్థమవుతుంది. పాత కామిక్స్ లోపలి పేజీలు న్యూస్‌ప్రింట్, అంటే చెక్కను నూరి చేసిన చవక కాగితం. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం అందులో అలాగే మిగిలిపోతుంది. వెలుతురు, ఆక్సిజన్ తగిలితే అది రంగు మారుతుంది, పసుపు, ఆపైన గోధుమరంగు. కాగితంలో ఆమ్లం పెరిగి సెల్యులోజ్ పోగులను తెంపుతుంది. చివరికి పేజీ మూల వేలితో మడిస్తే పుటుక్కుమంటుంది. వేడి ఈ పనిని తొందరచేస్తుంది, తేమ దానికి సాయంచేస్తుంది. అట్ట మాత్రం వేరే కాగితం, కొంచెం మందంగా నున్నగా ఉంటుంది. అందుకే చాలాసార్లు అట్ట చూస్తే నిగనిగలాడుతుంటుంది, లోపల పేజీలు ముక్కలవుతుంటాయి. పుస్తకం తెరవకుండా అట్ట చూసి 'బాగుంది' అనుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది.

జపాన్ కామిక్స్ వారపత్రికల సంగతి ఇంకా తీవ్రం. 1990ల మధ్యలో వీక్లీ షోనెన్ జంప్ వారానికి 65 లక్షల ప్రతులు ముద్రించింది. ఫోను డైరెక్టరీ అంత లావు, రీసైకిల్ చేసిన ముతక కాగితం, చదివి రైల్లో వదిలేసే వస్తువు. నచ్చిన కథ తర్వాత చిన్నసైజు పుస్తకంగా వస్తుంది, జనం దాచుకునేది దాన్ని. ఆ పద్ధతి నాకు ఇష్టం. ఏది పారేయాలో, ఏది ఉంచుకోవాలో చదివాక తేల్చుకుంటారు.

ఇక భద్రపరచడం. దీని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

కవరు ముఖ్యమే, కానీ జనం అనుకున్నంత ముఖ్యం కాదు. పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్ కవర్లు చవక, కొన్నేళ్ళ వాడకానికి బాగానే ఉంటాయి. అలలు తేలినా, పసుపెక్కినా మార్చేయాలి. మైలార్ అని అందరూ పిలిచే పాలియెస్టర్ కవరు గట్టిది, గాజులా స్పష్టంగా ఉంటుంది, చాలా ఏళ్ళు ఏమీ కాదు, ఖరీదు ఎక్కువ. పీవీసీ కవరు మాత్రం దగ్గరికి రానివ్వకండి. అందులోంచి వచ్చే పదార్థాలు అట్టమీది సిరాకు అంటుకుంటాయి. కవరు లోపల వెనకవైపు పెట్టే అట్ట కూడా ఆమ్లం లేనిదై ఉండాలి. బూట్లపెట్టె కోసి పెట్టినది కొన్నేళ్ళలో పుస్తకం వెనక అట్టమీద గోధుమరంగు నీడ వేస్తుంది. కవరు సైజులో కామిక్స్ కాలాల పేర్లతో గోల్డెన్ ఏజ్, సిల్వర్ ఏజ్, కరెంట్ అని రకాలున్నాయి. పాతవి వెడల్పు, కొత్తవి సన్నం. బిగుతు కవరులోకి వెడల్పు పుస్తకాన్ని తోస్తే మూలలు అక్కడికక్కడే నలిగిపోతాయి.

టేపు గురించి ఒక్క మాట. కవరు మూతమీద టేపు వేసి, చదవడానికి పుస్తకం తీసేటప్పుడు ఆ మూతను పైకి మాత్రమే ఎత్తి వదిలేస్తారు. జిగురు వైపు పుస్తకానికి ఎదురుగా ఉంటుంది. పుస్తకం పైకి జారుతుంటే అట్ట పైఅంచు ఆ జిగురుకు తగులుతుంది. చిన్న చప్పుడు కూడా రాదు. ఒక గీత మందాన సిరా ఊడి టేపుకు అతుక్కుపోతుంది. 'చదివితే పాడయింది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఇదే, చదవడం కాదు. టేపు పూర్తిగా పీకి పక్కన బల్లకు అంటించి, ఆ తర్వాత పుస్తకం తియ్యాలి. నేను అసలు టేపే వెయ్యను. మూతను వెనక అట్టకూ కవరుకూ మధ్య మడిచి దోపేస్తాను. పెట్టెలో నిలబెట్టినప్పుడు పక్క పుస్తకాల ఒత్తిడికి అది తనంతట తెరుచుకోదు. చదవాలనిపించినప్పుడు రెండు సెకన్లలో పుస్తకం చేతిలో ఉంటుంది. ఈ రెండు సెకన్లే ముఖ్యం. తియ్యడానికి ఆపరేషన్ అంత తతంగం పెట్టుకుంటే ఎవరూ చదవరు.

పెట్టెల్లో పొడవుది 'లాంగ్ బాక్స్'. అందులో కవరూ అట్టా వేసిన కామిక్స్ 200కు పైగా పడతాయి. నిండితే ఒక మనిషి ఎత్తలేక ఎత్తే బరువు. అందుకే ఎక్కడ పెట్టామో అక్కడే ఉండిపోతుంది, కింది పెట్టె మూతకూడా తీయం. సేకరణను అటకమీదికి, మంచం కిందికి, మరుపులోకి తోసేది ఆ బరువే. నేను అన్నీ షార్ట్ బాక్సుల్లోకి మార్చుకున్నాను. సగం పొడవు, సగం బరువు, ఒళ్ళో పెట్టుకుని వెతుక్కోవచ్చు. చోటు కాస్త ఎక్కువ తీసుకుంటాయి, తీసుకోనివ్వండి. పుస్తకాలు నిటారుగా, మరీ బిగుతు కాకుండా, వదులూ కాకుండా ఉండాలి. వదులైతే పుస్తకం నడుము వంగి, కొన్నాళ్ళకు ఆ వంపులోనే ఉండిపోతుంది. సగమే నిండిన పెట్టెలో ఖాళీ చోట అట్టముక్కలు మడిచి పెడితే చాలు.

నేల మీద పెట్టెలు పెట్టకూడదు, బయటి గోడకు ఆనించకూడదు. అటక వేడెక్కుతుంది, నేలమాళిగ చెమ్మగిల్లుతుంది, రెండూ వద్దు. మనుషులు కూర్చునే గదే కామిక్స్‌కూ మంచి గది. గదిలో తేమ 40, 50 శాతం మధ్య ఉంటే హాయిగా ఉంటాయి, 65 దాటి అలాగే నిలిచిపోతే బూజు మొదలవుతుంది. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి అల్మారాలో పెట్టుకుంటే ఊహించుకుంటూ టెన్షన్ పడక్కర్లేదు. సిలికా జెల్ పొట్లాలు పెట్టి ఊరుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అవి పీల్చగలిగినంత పీల్చి ఆగిపోతాయి. ఆ తర్వాత ఆరబెట్టకపోతే ఉన్నా లేనట్టే.

ఇవన్నీ ఒకచోట కలిసి ఎలా తప్పుతాయో నేను దగ్గరగా చూసింది ఒక స్నేహితుడి ఇంట్లో. ఆయన నాకన్నా ముందునుంచీ సేకరిస్తున్నవాడు, శ్రద్ధ విషయంలో ఎవరికీ తీసిపోడు. ఇల్లు మారుతూ సాయానికి పిలిచాడు. ఒక గది మూలన పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి, ప్రతి మూతా చుట్టూ టేపుతో బిగించి ఉంది. పైవరుస బాగుంది. రెండో వరుస తీస్తుంటే పెట్టె అడుగు మెత్తగా తగిలింది. అన్నిటికన్నా కింద ఉన్నదాన్ని ఎత్తబోతే అడుగు ఊడి నేలమీదే ఉండిపోయింది. గోడలోంచి చెమ్మ దిగి, అట్టపెట్టె దాన్ని పీల్చుకుని, లోపలికి పంపింది. కవర్లు పాతకాలపు పీవీసీవి, జిడ్డుగా తగిలాయి. ఒక పుస్తకం తీయబోతే అట్టమీది ఎరుపు కవరుకే ఉండిపోయింది. ఇంకొకదాని నడిమి పేజీలు తెరిస్తే, రెండు పిన్నుల చుట్టూ కాగితం తుప్పురంగులో తిని ఉంది, పేజీలు పిన్నునుంచి విడిపోయి చేతిలోకి వచ్చాయి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నమాట నాకు బాగా గుర్తుంది. 'వీటిలో సగం నేను చదవనేలేదు, రిటైరయ్యాక చదువుదామని' అన్నాడు. ఎవరినీ తప్పుపట్టే మాట కాదు ఇది. ఆయన చేసినదంతా అందరూ చెప్పే సలహానే, మూసి ఉంచు, కదపకు అని. ఏడాదికి ఒకసారి ఒక పుస్తకం కోసం ఆ కింది పెట్టె తెరిచి ఉన్నా ఆ చెమ్మ వాసన మొదట్లోనే తెలిసేది. బూజువాసనను ఇంత తొందరగా పసిగట్టే పరికరం మన ముక్కుని మించి లేదు.

చదవాలి సరే, కథ కోసం అయితే రీప్రింటు ఉంది, టాబ్లెట్‌లో స్కాన్ ఉంది, పాత సంచికే ఎందుకు అని అడుగుతారు. మంచి ప్రశ్న. రీప్రింట్లు నేనూ కొంటాను. చాలా ఖరీదైన పాత సంచికలు నాలాంటివాళ్ళకు చదవడానికి దొరికేది అలాగే. కానీ పాత సంచికలో ఉండేవి చాలా వాటిలో రావు.

మొదట రంగు. పాత అమెరికన్ కామిక్స్‌లో నీలం, ఎరుపు, పసుపు సిరాలను మూడు స్థాయుల చుక్కలుగా కలిపి మొత్తం 64 రంగులు తెచ్చేవారు. ముఖాన్ని దగ్గరగా చూస్తే గులాబీరంగు చుక్కలు, దూరం నుంచి చర్మం. ఆ రంగులు ఎంచుకున్నవాళ్ళకు కాగితం బూడిద తెలుపని, సిరాను కొంత తాగేస్తుందని తెలుసు. దానికి సరిపోయేలా గట్టి రంగులు వేసేవారు. అవే రంగులను నున్నటి తెల్ల కాగితంమీద కొత్తగా ముద్రిస్తే కళ్ళల్లో పొడుస్తాయి. న్యూస్‌ప్రింట్‌మీద ఊదారంగు రాత్రిలా కనిపించిన చోటు ఇక్కడ కేవలం ఊదారంగుగా ఉంటుంది. ముద్రణలో అప్పుడప్పుడు ఎరుపు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగి పెదవి బయటికి వస్తుంది. ఆ తప్పును కూడా నేను ఇష్టంగా చూస్తాను, ఆ రోజు ఆ యంత్రంలోంచి ఆ కాగితం ఎలా వెళ్ళిందో అది చెబుతుంది.

తర్వాత ఉత్తరాల పేజీ. కామిక్స్ అభిమానుల లోకం పుట్టిందే ఆ పేజీలోంచి అంటే అతిశయోక్తి కాదు. 1960ల ఆరంభంలో, సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ ఉత్తరాలు రాసినవాళ్ళ పూర్తి చిరునామాలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడో ఒంటరిగా చదువుకుంటున్న పాఠకులు ఒకరికొకరు రాసుకున్నారు, సైక్లోస్టైల్ పత్రికలు తీశారు, సమావేశాలు పెట్టుకున్నారు. అప్పుడు ఉత్తరాలు రాసిన పిల్లల్లో కొందరు తర్వాత ఆ కామిక్స్‌కే రచయితలయ్యారు. పాత సంచికలో ఆ పేజీ దగ్గర ఆగి, ఒక పాఠకుడు కిందటి నెల కథలో పట్టిన తప్పుకు సంపాదకుడు ఎలా జవాబిచ్చాడో చదవడం నాకు కథతో సమానమైన సంతోషం. పుస్తకరూపంలో వచ్చే రీప్రింట్లలో చాలావరకు మొదట ఎగిరిపోయేది ఇదే పేజీ. ప్రకటనలూ అంతే. గాలితుపాకులు, కండలు పెంచే కోర్సులు, నీళ్ళలో వేస్తే ప్రాణం పోసుకునే 'సముద్రపు కోతులు', ఇవన్నీ ఆనాటి పిల్లవాడి కోరికల జాబితా.

ఇంకా ఒకటుంది, ఆగడం. సంచిక 20, 22 పేజీల తర్వాత ఒక ఉత్కంఠ దగ్గర ఆగుతుంది. రచయిత ఆ విరామాన్ని లెక్కపెట్టుకునే రాశాడు. ఆరు సంచికలు కలిపి కుట్టిన పుస్తకంలో ఆ విరామం పేజీ తిప్పేలోగా అయిపోతుంది. ఒక పాత వరుస మొదటినుంచి చదివేటప్పుడు నేను రోజుకు ఒక సంచికే తీస్తాను. ఎదురుచూడటం కూడా ఆ కథలో భాగమేనని అలా చదివితేనే తెలుస్తుంది.

అందుకే గ్రేడింగ్ చేయించి గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించడం నాకు మింగుడుపడదు. 2000లో సీజీసీ అనే సంస్థ ఈ పనిని మొదలుపెట్టాక వ్యాపారం తీరే మారిపోయింది. 10కి ఎన్ని మార్కులో చీటీమీద వేసి పుస్తకాన్ని పలకలో మూసేస్తారు. దీనివల్ల మేలు లేకపోలేదు. దూరాన ఉన్న అమ్మకందారు దగ్గర ఖరీదైన పుస్తకం కొనేటప్పుడు, దానికి రంగులు పూశారా, పేజీ మార్చారా అని నిపుణులు చూసి చెప్పడం కొనేవాడికి పెద్ద అండ. ప్రపంచంలో కొన్ని పదుల ప్రతులే మిగిలిన పుస్తకాన్ని పలకలో పెడితే నేను నోరెత్తను. కానీ కిందటి నెల వచ్చిన, లక్ష ప్రతులు వేసిన సంచికను 9.8 కోసం పంపి గోడకు తగిలించడంలో పుస్తకానికి ఏం మిగిలింది? 32 పేజీలూ మూసుకుపోయి, కనిపించేది ముందు అట్ట, వెనక అట్ట మాత్రమే. పలక పగలగొడితే మార్కులు పోతాయి, పగలగొట్టకపోతే కథ పోతుంది.

నేను కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు చెప్పేది ఇంకొకటి. 'రీడర్ కాపీ'లు కొనండి. అట్ట నలిగింది, మూల చిరిగింది, ఎవరో పిల్లవాడు పేరు రాసుకున్నాడు, కానీ పేజీలన్నీ ఉన్నాయి. మంచి స్థితిలో ఉన్న ప్రతి ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. అదే డబ్బుతో ఒక్క సంచిక బదులు ఒక వరుస మొత్తం చదవచ్చు. ప్రకటనల్లోని కూపన్ కత్తిరించారేమో మాత్రం చూసుకోవాలి, కూపన్ వెనక కథ ఉంటుంది. నా దగ్గర నాకు అన్నిటికన్నా ప్రియమైనవి ఇలాంటివే. వాటిని భయం లేకుండా పిల్లల చేతికి ఇవ్వగలను. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రమ్మంటాను, అంతే. తెల్ల గ్లవ్స్ అక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుంటే పేజీ అంచు వేలికి తెలియదు, చిరిగే అవకాశం పెరుగుతుంది. పుస్తకాన్ని 180 డిగ్రీలు విప్పి నడుము విరవకుండా, బల్లమీద కాస్త ముడిచినట్టే పెట్టి చదివితే చాలు.

వేలల్లోకి వెళ్ళాక ఏది ఎక్కడుందో తెలియకపోతే ఉన్నా లాభం లేదు. దుప్పటి ఎక్కడుందో తెలియని ఇంట్లో చలికి వణికినట్టే. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. వరుస పేరు, సంచిక నంబరు, ఏడాది, ఏ పెట్టె, చివరిసారి ఎప్పుడు చదివాను. ఈ ఆఖరిదే నా పద్ధతికి గుండెకాయ. దాన్నిబట్టి వరుసలో పెట్టి చూస్తే ఏ పెట్టెను చాలాకాలంగా ముట్టుకోలేదో ఇట్టే తెలుస్తుంది, తర్వాత చదవబోయేది ఆ పెట్టెలోంచే. వివరాలు సరిచూసుకోవడానికి గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ ఉంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు 1994 నుంచి కడుతూ వస్తున్నారు. పేరు వెయ్యని పాత కథ ఎవరు గీశారో కూడా చాలాసార్లు అందులో దొరుకుతుంది. ఒక చిత్రకారుడు నచ్చితే అతను పనిచేసిన సంచికలు ఏయే పెట్టెల్లో ఉన్నాయో ఏరుకుని వరుసగా చదువుతాను. అతని గీత మారిన తీరు ఒక వారంలో కళ్ళముందు కనిపిస్తుంది. ఇంత పెద్ద సేకరణ ఇంట్లో ఉండటానికి నాకు దొరికిన అతిపెద్ద ఫలం అదే.

చదవడం మొదలుపెడితే తగ్గించుకోవడం కూడా తేలికవుతుంది. వరుసలో 137వ సంచిక లేదని నిద్రపట్టక, అది బాగుండదని తెలిసీ కొనేవాళ్ళను చూశాను. ఆ తపన నాకు తెలుసు, కానీ ఒకసారి చదివి, ఇంకెప్పుడూ చదవననిపించిన సంచిక మీద నాకు పట్టు ఉండదు. దాన్ని ఇష్టపడేవాళ్ళు ఎక్కడో ఉంటారు, అక్కడికి పంపేస్తాను. వరుసలో ఖాళీ ఉండిపోతుంది, ఉండనీ.

చివరగా, మన తర్వాత. ఇక్కడ నాకు ఆదర్శం దినపత్రికల్లోని కామిక్స్ పోగుచేసిన బిల్ బ్లాక్‌బియర్డ్. అమెరికా గ్రంథాలయాలు పాత దినపత్రికలను మైక్రోఫిల్మ్ తీసి, అసలు సంపుటాలు వదిలించుకుంటున్న రోజులవి. ఆ కాగితంతోపాటు రంగుల ఆదివారం కామిక్ పేజీలూ పోతాయని ఆయనకు తెలుసు, మైక్రోఫిల్మ్ నలుపు తెలుపు. గ్రంథాలయాలు వ్యక్తులకు ఇవ్వవు కనుక 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లాభాపేక్షలేని సంస్థగా నమోదుచేసి, ఆ సంపుటాలన్నీ తన ఇంటికే చేర్చుకున్నాడు. ఇంట్లో నేల నుంచి పైకప్పు దాకా పేర్చి, ఒక్కో కామిక్ స్ట్రిప్‌ను కత్తిరించి తేదీల వరుసలో పెట్టాడు. వచ్చి చదువుకుంటామన్నవాళ్ళకు తలుపు తెరిచాడు. పాత స్ట్రిప్‌లు మళ్ళీ పుస్తకాలుగా రావడానికి ఎన్నోసార్లు ఆ క్లిప్పింగులే ఆధారం. 1998లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆ సేకరణను తీసుకువెళ్ళినప్పుడు ఆరు పెద్ద ట్రక్కులు పట్టాయి, 75 టన్నులు. ఇప్పుడు అది బిల్లీ ఐర్లండ్ కార్టూన్ లైబ్రరీలో ఉంది, చదివే గదిలో కూర్చుని అడిగితే తెచ్చిస్తారు.

ముట్టుకోకుండా ఉంచాలనుకున్న మనిషి కత్తెర పట్టేవాడు కాదు. ఆయన చదవడానికి వీలుగా కత్తిరించాడు, అందుకే మిగిలాయి.

మనలాంటివాళ్ళ సేకరణను ఏ గ్రంథాలయమూ గుడ్డిగా తీసుకోదు, వాళ్ళ దగ్గర ఉన్నవే మన దగ్గరా ఉంటాయి. ముందుగా అడిగి, జాబితా పంపి, ఏవి కావాలో తెలుసుకోవాలి. మనం పోయాక ఆ పని ఇంట్లోవాళ్ళ నెత్తిన పెడితే వాళ్ళకు ఏది అపురూపమో, ఏది పాత కాగితమో తెలియదు, మొత్తం ఒకే ధరకు తూకం వేస్తారు. అందుకని నా స్ప్రెడ్‌షీట్‌లో ఇంకొక కాలమ్ చేర్చాను, ఈ పెట్టె ఎవరికి అని. యుద్ధ కథలు ఇష్టపడే మేనల్లుడికి ఒకటి, గీత నేర్చుకుంటున్న ఒక అమ్మాయికి మూడు, స్కాన్ కూడా ఎక్కడా లేని కొన్ని సంచికలు అడిగితే తీసుకుంటామన్న ఒక గ్రంథాలయానికి. సగం పెట్టెల దగ్గర ఇంకా ఏమీ రాయలేదు. ఆ సగంలో కొన్నింటిని వాళ్ళు ఇప్పుడే పట్టుకెళ్ళి చదువుతున్నారు, తిరిగొచ్చాక ఎవరికేది నచ్చిందో అడిగి రాస్తాను.